కథాసారం నుండి ప్రతిస్పందన దాకా: తెలుగు తరగతిలో కౌమార నవలా పఠనం – ఆటోనగర్ నేపథ్యం

తెలుగు నవలకు విద్వల్లోకం ఇచ్చిన గుర్తింపునకు, ఆ నవలపై విద్యార్థి ఏర్పరచుకొనే అభిప్రాయానికి దక్కిన గుర్తింపునకు నడుమ దశాబ్దాల ఎడం ఉంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన పోటీలో 1934లో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. అయినా తరగతిగదిలో నవల ప్రధానంగా ఉపవాచకంగానే మిగిలింది. ప్రతిపదార్థం అక్కరలేని ఈ పాఠ్యభాగం పరీక్షలో కథాసారంగా, పాత్రచిత్రణగా కుదించుకుపోయింది.

పాఠకుడి అనుభవం, పాఠం కలిసినప్పుడే అర్థం ఏర్పడుతుందని అమెరికాలో లూయీజ్ రోజెన్‌బ్లాట్ 1938లోనే ప్రతిపాదించారు. అయితే ప్రతి స్పందనా సమానంగా చెల్లుతుందని ఆమె అనలేదు. స్పందనను మూలంతో సరిచూసుకోవాలన్నారు. బడి వెలుపలి జీవితంతో జ్ఞానాన్ని అనుసంధానించాలన్న 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, దాని వెలుగులో 2011లో వచ్చిన రాష్ట్ర విద్యాప్రణాళిక ఈ దృష్టికి చేరువైనవే. అనంతరం వచ్చిన తెలుగు వాచకాల్లో ‘అవగాహన – ప్రతిస్పందన’ అనే శీర్షిక చోటుచేసుకుంది. కాని పదవ తరగతి ఉపవాచకమైన రామాయణంపై సంఘటనలను వరుసక్రమంలో అమర్చమనే ప్రశ్న కొనసాగింది. అది జ్ఞాపకాన్ని కొలుస్తుంది, స్పందనను కాదు.

ఈ లోపం తీవ్రత గాజువాక చేరువలోని ఆటోనగర్ వంటి చోట స్పష్టమవుతుంది. 1966లో విశాఖ ఉక్కు కోసం సాగిన ఉద్యమంలో విద్యార్థులు ముందు నిలిచారు. 1971లో శంకుస్థాపన జరిగిన కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. చదువుకుంటే కొలువు దొరుకుతుందన్న ఆశ ఈ ప్రాంత చరిత్రలో భాగం. లేత్ షాపుల, మరమ్మతు షెడ్ల నడుమ పెరిగే విద్యార్థికి చదువు ప్రయోజనమన్నది ఇంటి ప్రశ్న.

ఆ ప్రశ్నకు తగిన నవల తెలుగులో ఉంది. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ సుందరం అనే బాలుడి ఎదుగుదలను అనుసరిస్తూ, చదువుకూ బ్రతుకుకూ మధ్య దూరాన్ని పరిశీలిస్తుంది. దీని బోధనకు మూడు పద్ధతులు అనుకూలిస్తాయి. మొదటిది పఠన దినచర్య: అధ్యాపక వివరణకు ముందే విద్యార్థి తన సందేహాన్ని, అంగీకారాన్ని, అభ్యంతరాన్ని రాసుకోవాలి. రెండవది చిన్న బృంద చర్చ: ప్రశ్నలను విద్యార్థులే రూపొందించాలి, ప్రతి అభిప్రాయానికీ నవలలోని ఘట్టాన్ని ఆధారంగా చూపాలి. మూడవది తారతమ్య రచన: మధ్యతరగతి సుందరానికీ నేటి కార్మికవాడ విద్యార్థికీ గల సామ్యభేదాలను నిర్ధారించాలి. సుందరంతో తాదాత్మ్యం చెందకపోవడమూ ఇక్కడ సరైన స్పందనే.

చర్చాభాష మరో కీలకాంశం. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి వ్యవహారభాష కోసం చేసిన పోరాటానికి తరగతిగదే ఒక ప్రధాన రంగం. తొలి స్పందన ఉత్తరాంధ్ర పలుకుబడిలో వచ్చినప్పుడు అధ్యాపకుడు ముందుగా ఉచ్చారణను దిద్దితే ఆలోచన అక్కడే ఆగిపోతుంది. భావం కుదిరిన తరువాత లిఖితభాషకు మలచడం యుక్తం.

అయితే మూల్యాంకనం మారనిదే ఈ పద్ధతులు నిలవవు. కథాసారానికే మార్కులు దక్కినంత కాలం విద్యార్థి గైడును ఆశ్రయిస్తాడు. ఆధారసహితమైన అసమ్మతికి సైతం మార్కులు కేటాయించిననాడు ప్రతిస్పందన శీర్షికగా కాక అభ్యాసంగా నిలుస్తుంది.