రీమ్స్ గవాక్షాలు: శిథిలాల నుండి వెలుగు దాకా

కట్టడానికి వెలుతురునిచ్చే గవాక్షమే దాని చిత్రపటం కూడా కావడం మధ్యయుగ యూరప్ వాస్తుకళలోని విశిష్ట లక్షణం. 12వ శతాబ్ది మధ్యకాలంలో పారిస్ సమీపాన గల సేన్ దెనీ మఠాలయంలో రూపుదిద్దుకొన్న ఈ పద్ధతి, తరువాతి నూరేళ్ళలో షార్ట్ర్, బూర్జ్, రీమ్స్ మొదలైన మహాలయాలలో పరాకాష్ఠనందుకొంది. ఆ పిమ్మట చిత్రకారులు గాజును కాన్వాసువలె భావించి దానిపై బొమ్మలు వేయసాగారు. తన ద్వారా ప్రసరించే కాంతే తనకు ప్రాణమన్న సంగతి గాజు విషయంలో మరుగున పడింది. 20వ శతాబ్దిలో ఈ కళ తిరిగి జీవం పోసుకొన్నది. ఇందుకు కళాకారుల ఉత్సాహం ఒక్కటే కారణమనడం సరికాదు. రెండు ప్రపంచ యుద్ధాలు వందలాది గవాక్షాలను ఖాళీ చేశాయి. ఆ ఖాళీలను ఎవరు, దేనితో పూరించాలన్న ప్రశ్న నుండే నేటి వర్ణగవాక్ష కళ పుట్టింది. ఈ ప్రశ్నకు రీమ్స్ నగరం చెప్పిన సమాధానం ప్రత్యేకించి పరిశీలింపదగినది.

1211లో నిర్మాణం ఆరంభమైన రీమ్స్ మహాలయం ఫ్రెంచి రాజుల పట్టాభిషేక స్థలం. 1914 సెప్టెంబరు 19న జర్మన్ ఫిరంగి గుండ్లకు ఉత్తర గోపురం చుట్టూ ఉన్న కొయ్య పరంజా అంటుకొంది. మంటలు పైకప్పుకు పాకాయి. కప్పుపై పరచిన సీసం కరిగి రాతి తూములలోనుండి ధారలై కారింది. నాలుగేళ్ళపాటు సాగిన గుండ్లవర్షంలో మధ్యయుగపు గాజులో పెద్దభాగం నశించింది. మిగిలినదానిని కాపాడటానికి శ్రమించినవారిలో ఆ ఊరి గాజు పనివారి వంశానికి చెందిన జాక్ సిమోన్ ముఖ్యుడు. ఆ కుటుంబం అంతకు పూర్వమే గవాక్షాల నకళ్ళు తీసి ఉంచడంవల్ల పోయిన భాగాలలో కొన్నింటిని తిరిగి రూపొందించడం సాధ్యపడింది. వాస్తుశిల్పి ఆంరీ దెనో కాలిపోయిన కొయ్య దూలాలకు బదులు కాంక్రీటు ముక్కలతో కప్పు నిర్మించాడు. అమెరికన్ ధనికుడు రాక్‌ఫెల్లర్ విరాళం తోడ్పడగా 1938లో ఆలయం పూర్తిగా తెరుచుకొంది. అయినా అనేక గవాక్షాలలో తెల్లగాజు మాత్రమే మిగిలింది.

ఇక్కడ ఈ కళలోని పనితీరును కొంత వివరించడం అవసరం. వర్ణచిత్రం తనపై పడిన వెలుతురును వెనక్కు పంపుతుంది. రంగుగాజు వెలుతురును తనలోనుండి పోనిచ్చి దాని రంగు మారుస్తుంది. కరిగిన గాజులో కోబాల్టు కలిపితే నీలం, మాంగనీసు కలిపితే ఊదా, రాగి కలిపితే కొలిమి స్థితిని బట్టి ఆకుపచ్చ లేదా ఎరుపు వస్తాయి. ముక్కలను కోసి సీసపు పట్టీలతో కూర్చుతారు. ఆ నల్లని పట్టీ కేవలం అతుకు కాదు, చిత్రంలోని రేఖ కూడా. ఎదురువెలుగులో నీలం పక్కకు వ్యాపిస్తుంది, ఎరుపు అంతగా వ్యాపించదు. అందుచేత బల్లపై అందంగా కనిపించిన పొందిక గోడలో అమర్చగానే చెదిరిపోవచ్చు. ఉత్తరపు గవాక్షానికి రోజంతా నిలకడైన చల్లని వెలుతురు లభిస్తుంది. దక్షిణపుదానికి ఎండ సూటిగా తగులుతుంది. తూర్పు గవాక్షానికి ఉదయం ఒక రంగు, సాయంత్రం ఒక రంగు. కాబట్టి రూపకర్త మొట్టమొదట తెలుసుకోవలసింది బొమ్మ సంగతి కాదు, దిక్కు సంగతి.

ఈ సత్యాన్ని ఆధునికులలో స్పష్టంగా చూపినవాడు ఆంరీ మతీస్. దక్షిణ ఫ్రాన్సులోని వాన్స్‌లో 1948, 1951 మధ్య ఆయన తీర్చిదిద్దిన చిన్న ప్రార్థనాలయంలో గాజుకు మూడే రంగులు: నీలం, ఆకుపచ్చ, పసుపు. మొదటి రెండింటిగుండా చూపు బయటికి సాగుతుంది. మసకగా చేసిన పసుపుగాజు దానిని లోపలే ఆపుతుంది. ఎదుటి తెల్లని పలకల గోడపైన, నేలపైన పడే రంగునీడలే అసలు చిత్రం. 1951లోనే ఓదెంకూర్ గ్రామంలో ఫెర్నాఁ లెజే మందపాటి గాజు పలకలను సుత్తితో చెక్కి సిమెంటులో పొదిగించి పదిహేడు గవాక్షాలు చేయించాడు. లెజే కమ్యూనిస్టు. గొప్ప కళాకారుడైతే చాలు, విశ్వాసి కాకున్నా ఆలయానికి పనిచేయవచ్చునని వాదించిన కుతూరియే అనే డొమినికన్ సన్యాసి కృషి ఈ మార్పు వెనుక ఉన్నది.

ఫ్రాన్సులో మరొక అంశం గమనింపదగినది. 1905 నాటి చట్టం ప్రభుత్వాన్ని మతసంస్థలనుండి వేరుచేసింది. మహాలయాలు మాత్రం ప్రభుత్వ ఆస్తిగా ఉన్నాయి. అందువల్ల ప్రాచీన ఆలయంలో కొత్త గాజు బిగించాలంటే అర్చకుల అంగీకారంతోపాటు కట్టడాల సంరక్షణ శాఖ నిర్ణయమూ కావాలి. ఒక శాఖ ఫైలులోనుండి షాగల్ వంటి కళాకారుడు బయటికి రావడం పరిపాలనా చరిత్రలో తరచు జరిగే విషయం కాదు.

మార్క్ షాగల్ నేటి బెలారుస్‌లోని వీటెబ్స్క్‌లో 1887లో జన్మించిన యూదుడు. 1941లో నాజీల బారినుండి తప్పించుకొని అమెరికా చేరాడు. గాజు పనికి పూనుకొనేసరికి ఆయనకు డెబ్బై ఏళ్ళు కావస్తున్నాయి. 1958లో మెస్ మహాలయం పని లభించింది. జెరూసలేము హదస్సా వైద్యాలయపు పన్నెండు గవాక్షాలు 1962లో అంకితమయ్యాయి. ఈ పనులన్నింటిలో ఆయనకు అండ రీమ్స్‌లోని సిమోన్ కర్మశాల. జాక్ కుమార్తె బ్రిజీత్ సిమోన్, ఆమె భర్త షార్ల్ మార్క్ తెల్లగాజుపై పలుచని రంగుపొర గల పలకలను ఆయనకోసం సిద్ధం చేయించారు. ఆమ్లంతో ఆ పొరను అక్కడక్కడా కరిగిస్తే సీసపు అతుకు లేకుండానే ఒకే ముక్కలో ముదురు నీలం నుండి తెలుపు దాకా ఛాయలు వస్తాయి. చిత్రకారుని కుంచె వేగం గాజులోకి రావడానికి మార్గం దీనివల్ల ఏర్పడింది. 1974లో రీమ్స్ మహాలయపు తూర్పు చివరనున్న చిన్నగుడిలో మూడు గవాక్షాలు వెలిశాయి. నడుమ అబ్రహాము, క్రీస్తు గాథలు. ఒక పక్క యెష్షయి వంశవృక్షం. మరొక పక్క క్లోవిస్ మొదలుకొని రీమ్స్ రాజుల కథ. వాటి నీలం మధ్యయుగపు నీలాన్ని గుర్తుకు తెస్తుంది, కాని అనుకరించదు.

షాగల్ మెస్‌లో పని ప్రారంభించిన 1958వ సంవత్సరంలోనే తెలంగాణలోని మెదక్ చర్చిలో మూడవ వర్ణగవాక్షం అమరింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చికి ఇంగ్లీషు చిత్రకారుడు ఫ్రాంక్ సాల్స్‌బరీ క్రీస్తు ఆరోహణ (1927), జననం (1947), శిలువ (1958) గవాక్షాలను రూపొందించాడు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య నిజాం పాలన అంతరించింది, ఆంధ్రప్రదేశ్ అవతరించింది. గవాక్షాల శైలి మాత్రం మారలేదు. అది లోపమనడం తగదు. కథ చెప్పవలసిన చోట కథ చెప్పే శైలినే ఆశ్రయించడం ఉచితమే. యూరప్‌లోని చర్చ మెదక్‌లో తలెత్తకపోవడానికి కారణం సులభం: అక్కడ పగిలిన గాజు లేదు.

ఇంగ్లండులోని కవెంట్రీ మహాలయం 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు కూలింది. శిథిలాన్ని యథాతథంగా ఉంచి పక్కనే నిర్మించిన కొత్త ఆలయం 1962లో ప్రారంభమైంది. జ్ఞానస్నాన స్థలం వద్ద జాన్ పైపర్, పాట్రిక్ రైన్‌టీన్స్ కూర్చిన గవాక్షంలో ఒక్క బొమ్మ కూడా లేదు. నీలం, ఎరుపుల నడుమ పసుపు, తెలుపు కలిసిన వెలుగు ముద్ద మాత్రం ఉంది. కొలోన్‌లో గెర్హార్డ్ రిక్టర్ 2007లో 72 రంగులలో పదకొండు వేలకు పైగా గాజు చదరాలను పేర్చి, యుద్ధంలో పోయిన గవాక్షాన్ని నింపాడు. అది మసీదుకు నప్పవచ్చునే గాని ఈ ఆలయానికి తగదని అక్కడి కార్డినల్ మైస్నర్ బాహాటంగా ఆక్షేపించాడు.

పారిస్ నోత్రదామ్ వివాదం ఇంతకు భిన్నమైనది. 2019 అగ్నిప్రమాదంలో చెక్కుచెదరని 19వ శతాబ్ది గవాక్షాలను కొన్నింటిని తీసి కొత్తవి పెట్టాలని ఫ్రెంచి ప్రభుత్వం తలపెట్టగా, 2024 జూలైలో జాతీయ వారసత్వ సంఘం ప్రతికూలంగా తీర్పు చెప్పింది. అదే డిసెంబరులో చిత్రకారిణి క్లేర్ తబురే ఎంపికయింది. అభ్యంతరానికి బలం లేకపోలేదు. రీమ్స్‌లో కళాకారుడు ఖాళీని పూరించాడు. పారిస్‌లో ముందు ఖాళీ చేయవలసి వస్తున్నది.

రీమ్స్‌లో మరికొన్ని ఖాళీలు ఉండనే ఉన్నాయి. 1945 మే 7న జర్మన్ సైన్యం లొంగుబాటు పత్రంపై సంతకం చేసినది ఈ నగరంలోనే. 1962 జూలై 8న ద గోల్, అడెనావర్ పక్కపక్కన నిలిచి ప్రార్థనలో పాల్గొన్నది ఈ మహాలయంలోనే. ఆలయానికి 800 ఏళ్ళు నిండిన 2011లో షాగల్ గవాక్షాలకు ఇరువైపులా ఆరు కొత్త గవాక్షాలు వెలిశాయి. వాటి రూపకర్త 1940లో జర్మనీలోని దెస్సావులో పుట్టిన ఇమీ క్నోబెల్. ఎరుపు, పసుపు, నీలం ముక్కలు కత్తితో కోసినట్టు పదునుగా ఒకదానినొకటి ఒరుసుకొంటూ పైకి లేస్తాయి. అందులో మూర్తి లేదు, కథ లేదు. వాటిని చూసి పగిలిన గాజు గుర్తుకు వచ్చేవారిని తప్పుపట్టలేము. పక్కనే ఉన్న షాగల్ నీలం మెత్తగా కనిపించడం ఈ పదునువల్లనే. నగరాన్ని కాల్చినవారి దేశస్థునికి ఆ స్థానాన్ని అప్పగించడం చిన్న నిర్ణయం కాదు.

1429లో జోన్ ఆఫ్ ఆర్క్ సమక్షంలో ఏడవ చార్లెస్ పట్టాభిషేకం జరిగింది ఈ ఆలయంలోనే. ఆమె పేరిట వెలసిన చిన్నగుడికి క్నోబెల్ మరో మూడు గవాక్షాలు చేశాడు. జర్మనీ కానుకగా వచ్చిన వాటిని 2015 మే నెలలో ఇరుదేశాల విదేశాంగ మంత్రులు కలిసి ఆవిష్కరించారు.