టోనీ గ్విన్ నవ్వు

శాండియాగో ఊరు టోనీ గ్విన్‌ను రెండింటి కోసం ప్రేమించింది: ఆయన బ్యాటు, ఆయన నవ్వు. 1982 నుంచి 2001 దాకా ఇరవై బేస్‌బాల్ సీజన్లు ప్యాడ్రెస్ జట్టుకే ఆడారు. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్ కొడితే గొప్పవాడనిపించుకునే ఆట అది. 1994లో ఆటగాళ్ల సమ్మెతో సీజన్ అర్ధాంతరంగా ఆగిపోయేనాటికి గ్విన్ పదింట దాదాపు నాలుగు కొడుతున్నారు. మొత్తం 3,141 హిట్లు, ఎనిమిది బ్యాటింగ్ టైటిళ్లు. తన ఆటను వీడియో తీయించుకుని, మళ్లీ మళ్లీ చూసి, రవ్వంత లోపాన్నైనా దిద్దుకునేవారు.

ఆ మైదానమే ఆయనకు ఇంకో అలవాటునూ అంటగట్టింది. చిన్న లీగుల రోజుల్లోనే నోట్లో పొగాకు పెట్టుకోవడం మొదలైంది. ఏళ్ల తరబడి వదల్లేదు.

చివరికి ఆయనకు క్యాన్సర్ వచ్చింది పరోటిడ్ అనే గ్రంథిలో. చెవికి ముందు, దవడ మలుపును ఆనుకుని ఉండే ఇది మన లాలాజల గ్రంథుల్లో అన్నిటికన్నా పెద్దది. అందులో పుట్టే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. నొప్పి ఉండదు, మెల్లగా పెరుగుతాయి. అందుకే మనిషి మోసపోతాడు. కొన్ని తీసేసినా మళ్లీ మొలుస్తాయి, కొన్ని ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారతాయి. ఇక్కడి గడ్డల్లో రకాలు లెక్కకు మిక్కిలి కాబట్టి, సూదితో కణాలు తీసి చూసినా ఒక్కోసారి నిజం తేలదు.

సర్జన్‌కు అసలు పరీక్ష ముఖనాడి. రెప్ప మూయించేదీ, పెదవిని నవ్వించేదీ ఆ నరమే. అది సరిగ్గా ఈ గ్రంథిలోంచే సాగుతూ కొమ్మలుగా చీలుతుంది. మామూలు గడ్డయితే ఒక్కో కొమ్మనూ ఓపికగా విడదీసి కాపాడతారు. క్యాన్సర్ నరంలోకి పాకితే మాత్రం ప్రాణం కోసం నరాన్నే వదులుకోవాల్సి వస్తుంది.

గ్విన్‌కు అంతకుముందు రెండుసార్లు పరోటిడ్ గడ్డలు తీశారు. అవి క్యాన్సర్ కావు. 2010లో బయటపడింది మాత్రం క్యాన్సరే. ఆపరేషన్ చేశారు, రేడియేషన్, కీమో ఇచ్చారు. ముఖం కుడివైపు చచ్చుబడింది. కుడి కన్ను మూతపడలేదు. ఎడమచేతి బ్యాటర్‌గా బంతి వచ్చే వైపు ఆయన నిలిపి ఉంచిన కన్ను అది. నవ్వబోతే ముఖం సహకరించలేదు. 2012 ఫిబ్రవరిలో మరో ఆపరేషన్. కణితి పెనవేసుకున్న నరాన్ని తీసేసి, ఆ చోట ఇంకో నరం అతికారు. అంత బాధలోనూ శాండియాగో స్టేట్ విశ్వవిద్యాలయంలో కుర్రాళ్లకు కోచ్‌గా కొనసాగారు. 2014 జూన్ 16న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 54.

పొగాకే తనకీ గతి పట్టించిందని గ్విన్ గట్టిగా నమ్మారు. నోటి క్యాన్సర్‌కు నమిలే పొగాకు కారణమన్నది ఎప్పుడో రుజువైంది. లాలాజల గ్రంథి క్యాన్సర్ విషయంలో అంత గట్టి రుజువు లేదు. అయినా ఆయన మరణం ఆ ఆటను కదిలించింది. 2016లో కుదిరిన ఒప్పందం, మేజర్ లీగ్‌లోకి కొత్తగా వచ్చే ఆటగాళ్లు పొగాకు నమలడాన్ని నిషేధించింది.

గుట్కా, ఖైనీ బుగ్గన పెట్టుకునేవాళ్లు మన వీధుల్లో తక్కువేమీ లేరు. వాళ్లకు చెప్పాల్సింది ఒకటే: ఈ రోజే మానేయండి. ఇక అలవాటు ఉన్నా లేకున్నా అందరికీ ఒక మాట. చెవి ముందు గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. ఒకసారి తీయించుకున్నవాళ్లు డాక్టరు రమ్మన్నప్పుడల్లా వెళ్లి చూపించుకోండి. గడ్డ గబగబా పెరిగినా, ముఖం ఒక పక్కకు వాలినా ఒక్కరోజు కూడా ఆగకండి.