కృత్రిమ మేధ – మారుతున్న నిర్వచనం: గుంటూరు, ప్రకాశం పొలాల నుంచి ఒక పరిశీలన

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప రైతులు ఆకుముడతను రెండు రకాలుగా గుర్తిస్తారు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది పైముడత. కారణం తామర పురుగు. కిందికి తిరగబడితే కింది ముడత, కారణం నల్లి. రెండింటికీ వాడవలసిన మందులు వేరు. ఈ తేడాను మనిషి పసిగడితే అనుభవం అంటున్నాం, ఫోను పసిగడితే కృత్రిమ మేధ అంటున్నాం. అయితే యంత్రం చేసే ఏ పనికి ఆ పేరు తగునన్న విషయంలో గత ఏడు దశాబ్దాలుగా ఏకాభిప్రాయం లేదు. ఆ మార్పుల చరిత్రను పత్తి, మిరప పొలాల వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1956 డార్ట్‌మత్ సమావేశం కోసం జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ, నథానియల్ రోచెస్టర్, క్లాడ్ షానన్ అంతకు ముందు ఏడాది రూపొందించిన ప్రతిపాదనలో ఈ పేరు కనిపిస్తుంది. మనిషి చేస్తే తెలివైనదనిపించే పనిని యంత్రం చేత చేయించడం అని వారి భావం. ఇక్కడ కొలబద్ద యంత్రంలో లేదు, చూసేవారి అంచనాలో ఉంది. అందువల్లనే అది నిలకడగా ఉండదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ పర్యవేక్షణలో డాక్టరేట్ పొందారు. మనిషి మాటను యంత్రం గుర్తించేలా చేయడం మీద దశాబ్దాలు కృషి చేసి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. నేడు ఫోనుకు మాటలు చెప్పి అక్షరాలు రాయించుకునేవారిలో ఎంతమంది దానిని మేధగా భావిస్తున్నారు?

ఫైగెన్‌బామ్ మార్గం వేరు. నిపుణుల జ్ఞానాన్ని 'ఇలా ఉంటే ఇలా చేయి' అనే సూత్రాలుగా కంప్యూటరుకు అందించడమే 1980లలో కృత్రిమ మేధ అనిపించుకుంది. పత్తి పంటకు కూడా అటువంటి నిపుణ వ్యవస్థ ఒకటి వచ్చింది. అమెరికాలో రూపొందిన 'కోమాక్స్' గురించి 1986లో 'సైన్స్' పత్రిక వ్యాసం ప్రచురించింది. పత్తి మొక్క పెరుగుదలను అనుకరించే 'గాసిమ్' అనే నమూనాను నడిపి, నీరు ఎప్పుడు పెట్టాలో, నత్రజని ఎంత వేయాలో అది సూచించేది. పైముడత, కింది ముడతల విభజన కూడా నిర్మాణంలో ఇటువంటి సూత్రమే. కంప్యూటరులో లేదు కనుక దానికి ఆ పేరు రాలేదు.

అదే కాలంలో గుంటూరు, ప్రకాశం పత్తి రైతుల పరిస్థితి ఏమిటి? సింథటిక్ పైరిత్రాయిడ్ల విచ్చలవిడి వాడకంతో తెల్లదోమ విజృంభించింది. శనగపచ్చ పురుగు మందులకు లొంగని స్థితికి చేరింది. 1987–88 పంటకాలంలో ఈ ప్రాంతపు పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. చాలామంది రైతులకు పురుగుమందుల దుకాణదారే సలహాదారు, అప్పు ఇచ్చేదీ అతడే. ఏ మందు, ఎన్నిసార్లు కొట్టాలో చెప్పేవాడికి ఆ మందు అమ్ముడుపోవడమే ఆదాయం. ఈ చిక్కును కోమాక్స్ వంటి వ్యవస్థ విప్పగలిగేది కాదు. దాని సూత్రాలకు అప్పు, అమ్మకం అనే విషయాలు తెలియవు.

2004లో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ 'ఈ-సాగు' పేరిట వరంగల్ జిల్లాలో మూడు గ్రామాలకు చెందిన 1051 పత్తి పొలాలకు సలహాలు అందించింది. స్థానిక సమన్వయకర్తలు పొలాల ఫొటోలు తీసి సీడీలలో హైదరాబాదుకు పంపేవారు. అక్కడ వ్యవసాయ నిపుణులు వాటిని పరిశీలించి పొలం వారీగా సలహా రాసేవారు. దానిని సమాచార సాంకేతికత అన్నారు. నేడు అదే ఫొటోను యంత్రం చదివితే కృత్రిమ మేధ అవుతోంది. 2024 ఆగస్టు 15న కేంద్రం ప్రారంభించిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ అటువంటిది. ఫొటో మారలేదు, చూసే కన్ను మారింది.

ఆ కన్నుకూ పరిమితి ఉంది. 2021 ఖరీఫ్‌లో ఈ మైదానంలోని మిరపను నల్ల తామర పురుగు చిత్తుచేసింది. అది వెనుకటి తామర పురుగు కాదు. బయటి నుంచి వచ్చిన జాతి, ముఖ్యంగా పూలను ఆశిస్తుంది. పాత జాతి చిత్రాలతో మాత్రమే శిక్షణ పొందిన యంత్రానికి దానిని చూపితే, తనకు తెలిసిన పేర్లలోనే ఒకటి అంటగట్టక తప్పదు. అంతవరకు పైముడత కోసం ఆకు వైపు చూడడం అలవాటైన రైతుకు కూడా ఆ ఏడాది పూవు విప్పి చూడడం కొత్త పాఠమే.

ఆర్థిక సహకారం, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) నిర్వచనంలో వచ్చిన సవరణ ఈ సందర్భంలో గమనార్హం. 2019లో అది 'మనుషులు నిర్దేశించిన లక్ష్యాల' గురించి మాట్లాడింది. 2023లో ఆ మాట తీసివేసి, లక్ష్యాలు వ్యక్తంగానో అవ్యక్తంగానో ఉండవచ్చునన్నది. యంత్రపు లోపలి విధానాల చర్చ కంటే ఈ సవరణే పత్తి రైతుకు దగ్గరిదని నా అభిప్రాయం. 1987లో దుకాణంలో దొరికిన సలహాకు కూడా అవ్యక్త లక్ష్యం ఉండేది. నేడు తెగులును గుర్తించే యాప్‌లను ప్రభుత్వం ఇస్తోంది, మందులు అమ్మే సంస్థలూ ఇస్తున్నాయి. నిర్వచనం ప్రకారం రెండూ కృత్రిమ మేధే. ఫొటో తీసే రైతుకు తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.