సూరినామ్ రేవుకి దారితీసిన చెరకు

కలకత్తాలో మా గార్డెన్ రీచ్‌లో, హుగ్లీ ఒడ్డున, ఒక రేవుని సూరినామ్ ఘాట్ అంటారు. ఎక్కడో దక్షిణ అమెరికాలో ఉన్న దేశం పేరు ఇక్కడి మేటియాబ్రుజ్ పేట సందుల పక్కకి ఎలా వచ్చిందా అని కొత్తలో తెగ ఆలోచించేదాన్ని. 1856లో రాజ్యం పోయి ఇక్కడికొచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా కథ ఎవరైనా చెబుతారు. రేవు కథ అడిగితేనే చెబుతారు.

అది చెరకు రసం కథ. మన రసాన్ని బెంగాలీలు 'రొష్' అంటారు. ఇటలీవాళ్ళ 'సుక్కో', పోర్చుగీసువాళ్ళ 'సుకు' ఒకే లాటిన్ మాటకి పుట్టినవి. ఫ్రెంచివాళ్ళ 'జ్యూ'కీ, దాన్నుంచి వచ్చిన ఇంగ్లీషు జ్యూస్‌కీ మూలం వేరే లాటిన్ మాట; దానికి అర్థం చారు! మిరియాల చారుని రసం అనే మనకి ఇది వింతగా ఉండదు. వీళ్ళలో పోర్చుగీసు, ఫ్రెంచి, ఇంగ్లీషు దొరలకి సముద్రాల అవతల చెరకు తోటలుండేవి.

కొట్టిన చెరకుని వెంటనే గానుగాడకపోతే రసం పులుస్తుందని అనకాపల్లి వాళ్ళకి నేను చెప్పాలా? పంట చేతికొస్తే మనుషులు ఆగకుండా పనిచేయాలి. బానిసత్వం రద్దయ్యాక ఆ మనుషుల కోసం దొరలు మన దేశం మీద పడ్డారు. కలకత్తా నుంచి 1834లో మారిషస్‌కి, 1838లో బ్రిటిష్ గయానాకి ఓడలు కదిలాయి. 1873 ఫిబ్రవరిలో డచ్చివాళ్ళ సూరినామ్‌కి 'లల్లా రూఖ్' బయల్దేరింది, చేరేసరికి జూన్. ఎక్కువమంది బీహారు, అవధ్ పల్లెలవాళ్ళు. ఐదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని, ఓడ వచ్చేదాకా ఇక్కడి డిపోల్లో ఉంచేవారు. అగ్రిమెంట్ అన్న మాట వాళ్ళ నోట 'గిర్మిట్' అయింది. 1916 వరకూ సూరినామ్‌కి వెళ్ళిన సుమారు 34 వేల మందిలో మూడో వంతే వెనక్కి వచ్చారు.

మా మామగారి వాళ్ళూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) హెడ్డాఫీసు గార్డెన్ రీచ్‌లోనే ఉండేది. వాల్తేరులో రైలెక్కి వచ్చి, సంక్రాంతికి మళ్ళీ అదే రైల్లో ఊరెళ్ళి, కొత్త బెల్లం అరిసెలు తెచ్చుకునేవారు. నాకూ పుష్యమాసం వస్తే ఆ బెల్లం పాకం వాసన గుర్తొచ్చి ప్రాణం ఊరిమీదికి పోతుంది. ఓడెక్కినవాళ్ళకి అలా ఏటా ఊరెళ్ళే దారి లేదు. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్ళిన మన తెలుగువాళ్ళదీ అదే గతి. అయినా అక్కడ ఉగాదికి నేటికీ సర్కారు సెలవు. ఎంత పట్టుదల వాళ్ళది!

సూరినామ్ ఘాట్‌లో 2015లో మూట పట్టుకున్న ఆలుమగల విగ్రహం పెట్టారు. మనవాళ్ళు కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్ చూసి రైలెక్కేస్తున్నారు. ఈసారి వస్తే ఒక పూట మా వైపు రండి, నేనే తీసుకెళ్తాను.