కాఫీ కాయలో పురుగు, దాని వెనకాల తెచ్చిన కందిరీగ

మన గూడూరు చుట్టుపక్కల కాఫీ తోట ఎవరికీ లేదు, కాఫీ తాగడం వరకే మనకి తెలుసు. అయినా ఈ కథ ఒకసారి చదవండి.

2025లో అరకులోయ చినలబుడు దగ్గర గిరిజన రైతుల కాఫీ తోటల్లో కాయతొలుచు పురుగు కనబడింది. పురుగు పట్టిన కాయలు కోయించి, వేడినీళ్ళలో ఉడికించి, గోతుల్లో పూడ్పించారు. చేతికందే పంటని తన చేత్తోనే పాతెయ్యడం అంటే ఏంటో, తుఫాను నీళ్ళలో పనలు తేలడం చూసినవాళ్ళం మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ పురుగు మన దేశంది కాదు, ఆఫ్రికాది. నల్లటి పెంకు పురుగు, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఇండియాలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో దొరికింది (మన గూడూరు కాదండోయ్). తర్వాత వయనాడు, కొడగు తోటలకి పాకింది. అంతంత దూరాలు అది ఎగిరి వెళ్ళలేదు. పురుగున్న గింజల్లో, గోనె సంచుల్లో మనుషులే మోసుకెళ్ళారు.

దీనికి మందు ఎందుకు పనిచెయ్యదో చూడండి. ఆడపురుగు కాయ బొడ్డు దగ్గర చిల్లి పెట్టి లోపలికి పోయి గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజ తింటూ లోపలే పెరుగుతాయి. మగవాటికి ఎగరడం రాదు, జతకట్టడం కూడా కాయలోనే అయిపోతుంది. బయటికొచ్చే ఆడపురుగు అప్పటికే గుడ్లు పెట్టడానికి తయారుగా ఉంటుంది. అది చిల్లి పెట్టే నాలుగు గడియల్లో తగిలితే తప్ప, పైన ఎన్ని ట్యాంకులు కొట్టినా లోపలున్నదానికి అంటదు.

అందుకని 1995లో మెక్సికో నుంచి ఒక కందిరీగని తెప్పించారు. పేరు సెఫలోనోమియా స్టెఫనోడెరిస్. దాని పుట్టిల్లు కూడా ఆఫ్రికానే, మెక్సికో వాళ్ళూ అక్కణ్ణించి తెచ్చుకున్నదే. దొంగని పట్టడానికి దొంగ ఊరి మనిషినే పిలిపించినట్టన్నమాట. చూరుకి గూడు కట్టి మనల్ని కుట్టే రకం అనుకోకండి, చిన్న చీమంత ఉంటుంది. పురుగు పెట్టిన చిల్లిలోంచే కాయలోకి దూరి, గుడ్లనీ చిన్న పిల్లల్నీ తినేస్తుంది. ఎదిగిన పిల్ల మీద తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చింది దాన్ని పీల్చి బతుకుతుంది. 1999లో కొలంబియా నుంచి ఇంకోటి తెచ్చారు, ఫైమాస్టికస్ కాఫియా. ఇది కాయ తొలుస్తున్న పెద్ద పురుగు ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. మందు పోలేని చోటికి ఇవి పోతాయి.

మరి పురుగు పోయిందా అంటే, పోలేదు. మొదటి కందిరీగ కొడగు, వయనాడు వైపు కొన్ని తోటల్లో నిలదొక్కుకుంది, అంతే. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ట్రైకోగ్రామాని బియ్యంలో పట్టే రెక్కల పురుగు గుడ్ల మీద తేలిగ్గా పెంచుతారు. దీన్ని పెంచాలంటే అదే కాఫీ పురుగు పట్టిన కాయలు కావాలి. పైగా కోత అయ్యాక చెట్టు మీదా కిందా కాయ లేకుండా ఏరేస్తే పురుగూ చస్తుంది, కందిరీగకీ తిండి ఉండదు. వదిలేస్తే రెండూ బతుకుతాయి, పురుగు ఇంకాస్త ఎక్కువ బతుకుతుంది. చివరికి కాఫీ బోర్డు వాళ్ళు కూడా కోతప్పుడు చెట్టు కింద పట్టా పరవమని, రాలిన కాయ ఏరమని, ఎర బుట్టలు కట్టమని చెబుతూనే ఉన్నారు. నా మటుక్కు నాకు కందిరీగ కంటే ఆ ఏరిన చేతులే ఎక్కువ పని చేశాయనిపిస్తుంది. కానీ మందుల్లేకుండా పండిస్తారని పేరున్న అరకు లాంటి చోట, చెయ్యి వెళ్ళని మూలల్లో పనిచేసే కందిరీగని కాదనుకోలేం.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. ఒక సార్వాలో కాండం తొలుచు పురుగుకి నేనూ ట్రైకో కార్డులు కట్టాను. నాలుగో రోజు పక్క చేలో స్ప్రేయర్ చప్పుడు వినబడేసరికి ఆగలేక నేనూ కొట్టేశాను. డబ్బులిచ్చి తెచ్చిన కందిరీగల్ని డబ్బులు పెట్టి మరీ చంపుకున్నా. కార్డులు పనిచెయ్యవని ఆ ఏడంతా అందరికీ చెప్పుకు తిరిగాను కూడా.

ఈసారి కార్డులు కట్టేవాళ్ళు ముందు గట్టు పక్కవాళ్ళకి చెప్పండి. నా చేను పక్కనైతే నాకూ చెప్పండి, ఆ వారం నేను స్ప్రేయర్ బయటికి తియ్యను.