మందు మానేస్తున్న గర్భిణులు: ‘బిడ్డను పెంచగలనా?’ అనే భయం పోవాలంటే?

మద్యం, కల్లు, ఖైనీ, చుట్ట, నిద్రమాత్రలు.. అలవాటు ఏదైనా, దాన్నుంచి బయటపడుతున్న మహిళ గర్భం దాలిస్తే రెండు భయాలు వెంటాడతాయి. ‘డాక్టరుకు నిజం చెబితే బిడ్డను నా దగ్గర ఉంచుతారా?’ అన్నది ఒకటి. ‘అసలు నేను తల్లిగా పనికొస్తానా?’ అన్నది రెండోది. ఈ భయాలతో పరీక్షలకు వెళ్లినా అలవాటు సంగతి దాచేసేవారు ఉంటారు. గోదావరి జిల్లాల్లో మీరు గానీ, మీ ఇంట్లో ఎవరైనా గానీ ఈ పరిస్థితిలో ఉంటే ఈ వివరాలు తెలుసుకోండి.

బిడ్డను వేరు చేస్తారా?

మద్యం, మత్తుపదార్థాల వాడకంతో వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 పరిధిలోకి వస్తాయి. చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదని ఈ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. బిడ్డకు హాని ఉందనో, బిడ్డ క్షేమానికి అవసరమనో మానసిక వైద్యులు భావిస్తేనే తాత్కాలికంగా వేరుగా ఉంచుతారు. అప్పుడు కూడా సిబ్బంది లేదా కుటుంబసభ్యుల సమక్షంలో తల్లి బిడ్డను కలవొచ్చు. ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి సమీక్షించాలి. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ చెబుతోంది.

ఒక్కసారిగా మానేయొచ్చా?

గర్భిణులు ‘ఇంతవరకు తాగితే ఫర్వాలేదు’ అనే పరిమితి ఏదీ లేదు. అయితే రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావొచ్చు. చాలాకాలంగా వాడుతున్న నిద్రమాత్రలతోనూ ఇదే ప్రమాదం. కాబట్టి వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. ‘మాన్పించే మందు’ అంటూ ఆమెకు తెలియకుండా అన్నంలోనో కాఫీలోనో కలపొద్దు. అది తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

ఎవరిని అడగాలి?

* 14446: మత్తు విముక్తికి జాతీయ టోల్‌ఫ్రీ నంబరు. దగ్గరలోని కేంద్రం వివరాలు అడగొచ్చు.
* 14416: టెలీ మానస్. దిగులు, నిద్రలేమి, భయం ఉంటే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.
* 1800-11-2356: పొగాకు మానాలనుకునేవారికి.
* ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. ఆశా కార్యకర్తను లేదా ఏఎన్‌ఎంను అడగండి.
* కాకినాడ జీజీహెచ్‌లో ప్రసూతి, మానసిక వైద్య విభాగాలు రెండూ ఉన్నాయి.
* ఫిట్స్ వచ్చినా, నొప్పులు మొదలైనా 108కి ఫోన్ చేయండి. లంక గ్రామాలవారు రేవు దాటే ఏర్పాటు ముందే చూసుకోవాలి.

ధైర్యం ఎలా వస్తుంది?

బిడ్డ పనులు చేస్తుంటేనే ధైర్యం వస్తుంది. పురిటి తర్వాత ‘నీకు చేతకాదు’ అంటూ ఇంట్లో పెద్దవాళ్లే అన్నీ చేసేస్తే ఆమె భయం ఇంకా పెరుగుతుంది. బిడ్డను గుండెలకు హత్తుకోవడం, నీళ్లు పోయడం, నిద్రపుచ్చడం ఆమెతోనే చేయించండి, పక్కన తోడుండండి. పాలివ్వడం గురించి వైద్యులను అడగండి.

మళ్లీ ఎప్పుడైనా తాగితే తల్లిగా ఓడిపోయినట్లు కాదు. ఆ పూట బిడ్డను ఇంకొకరికి అప్పగించాలి. పాలివ్వకూడదు, పక్కలో పడుకోబెట్టుకోకూడదు. మర్నాడే వైద్యులకు చెప్పాలి.

తొలిసారి ఎలా చెప్పాలో తెలియకపోతే ఈ మాట చాలు: ‘నాకు అలవాటు ఉంది, మానేస్తున్నాను, బిడ్డ కోసం సాయం కావాలి.’