డీ-ఎస్సర్

డీ-ఎస్సర్ అనేది మానవ కంఠధ్వనిని రికార్డు చేసేటప్పుడు గాని, ప్రసారం చేసేటప్పుడు గాని 'స', 'శ', 'ష', 'చ' వంటి అక్షరాల వద్ద చెవికి గుచ్చుకొనే ఈల వంటి శబ్దాన్ని తగ్గించే సాధనము. 'ఎస్' అనే ఆంగ్ల అక్షరపు ధ్వనిని తీసివేసేది అనే అర్థంలో దీనికి ఈ పేరు వచ్చినది. అయితే ఇది ఆ అక్షరాన్ని తీసివేయదు. అది పలికిన స్వల్పకాలం మాత్రమే దాని తీవ్రతను తగ్గించి, వెంటనే ధ్వనిని యథాస్థితికి తెస్తుంది. ప్రస్తుతం ఇది కంప్యూటర్ ప్రోగ్రాముల రూపంలో కూడా లభిస్తున్నది. ఈ వ్యాసము ప్రధానంగా యంత్రరూపంలో ఉన్న డీ-ఎస్సర్ గురించి వివరిస్తుంది.

ఊష్మ ధ్వనుల స్వభావము

తెలుగు వ్యాకరణంలో శ, ష, స, హ లను ఊష్మాలు అంటారు. వీటిలో మొదటి మూడింటిని పలికేటప్పుడు నాలుకకు, పంటి వెనుక భాగానికి లేదా అంగిలికి మధ్యగల ఇరుకు మార్గం గుండా గాలి వేగంగా దూసుకుపోతుంది. ఆ ఒరిపిడి వలన పుట్టే శబ్దంలో ఎగువ పౌనఃపున్యాలు అధికంగా ఉంటాయి. 'హ' కారంలో ఈ ఈల ఉండదు. 'చలి', 'చాప' వంటి మాటలలోని దంత్య చకారంలో మాత్రం 'త్స' వంటి ధ్వని ఉన్నందున కొంత ఈల వినిపిస్తుంది.

అచ్చుల శక్తి చాలావరకు 3,000 హెర్ట్‌జ్ లోపు ఉంటుంది. సకారపు శక్తి సాధారణంగా 5,000 నుండి 8,000 హెర్ట్‌జ్ ప్రాంతంలోను, ఆపైన కూడా ఉంటుంది. శ, ష ల శక్తి అంతకంటె కొంత దిగువన ప్రారంభమవుతుంది. స్త్రీల, పిల్లల కంఠాలలో ఈ పౌనఃపున్యాలు పురుషుల కంఠాలలో కంటె ఎక్కువగా ఉంటాయి. 

సమస్యకు కారణాలు

ఎదురెదురుగా మాట్లాడుకొనేటప్పుడు ఇబ్బంది కలిగించని సకారము రికార్డింగులో కటువుగా వినిపించడానికి పలు కారణాలు కలవు.
* గాయకుడు మైక్రోఫోనుకు అతి సమీపంగా, సూటిగా నిలబడి పాడటం.
* అనేక కండెన్సర్ మైక్రోఫోనులు ఎగువ పౌనఃపున్యాలను కొంత పెంచి గ్రహించే విధంగా తయారు కావడం.
* కంఠం స్పష్టంగా వినిపించాలని ఈక్వలైజర్‌తో ఎగువ పౌనఃపున్యాలను పెంచడం.
* కంప్రెసర్ వాడకం. కంప్రెసర్ బలమైన అచ్చులను గుర్తించి తగ్గిస్తుంది, అచ్చుల కంటె తక్కువ స్థాయిలో ఉండే సకారాన్ని వదిలివేస్తుంది. ఫలితంగా సకారము మునుపటి కంటె పెద్దదిగా వినిపిస్తుంది.

పనిచేయు విధానము

డీ-ఎస్సర్ ఒక ప్రత్యేక తరహా కంప్రెసర్. లోనికి వచ్చిన ధ్వని సంకేతము రెండు మార్గాలలో పోతుంది. మొదటిది వినిపించే మార్గము. రెండవది సైడ్‌చెయిన్ అనే పరిశీలక మార్గము. సైడ్‌చెయిన్‌లోని ఫిల్టర్ దిగువ పౌనఃపున్యాలను ఆపివేసి, సకారము ఉండే ప్రాంతాన్ని మాత్రమే ముందుకు పోనిస్తుంది. ఆ ప్రాంతంలోని శక్తి థ్రెషోల్డ్ అనబడే నిర్ణీత అవధిని దాటినప్పుడు మొదటి మార్గంలోని స్థాయి తగ్గించబడుతుంది. సకారము పదుల మిల్లీసెకన్ల నుండి సుమారు 150 మిల్లీసెకన్ల వరకు మాత్రమే ఉంటుంది కనుక యంత్రము అతి వేగంగా స్పందించి, అంతే వేగంగా విడుదల కావాలి. విడుదల ఆలస్యమైతే సకారము తరువాతి అచ్చు కూడా అణగిపోతుంది.

రకాలు

'''పూర్తి పట్టీ రకము:''' సకారము గుర్తించబడినప్పుడు మొత్తం ధ్వని స్థాయిని తగ్గిస్తుంది.

'''విభజన రకము:''' ధ్వనిని రెండు భాగాలుగా విడదీసి ఎగువ భాగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. డీబీఎక్స్ సంస్థవారి 902 నమూనాలో ఈ రెండు పద్ధతులలో ఒకదానిని ఎంచుకొనే స్విచ్ కలదు. ఈ యంత్రము ఎగువ పౌనఃపున్యాల శక్తిని మొత్తం ధ్వని శక్తితో పోల్చి నిర్ణయం తీసుకుంటుంది. అందువలన మెల్లగా పాడినప్పుడు, గట్టిగా పాడినప్పుడు ఒకే విధంగా పనిచేస్తుంది.

'''వ్యతిరేక దశ రకము:''' గుర్తించిన సకారపు భాగాన్ని తలక్రిందులు చేసి అసలు ధ్వనితో కలుపుతుంది. జర్మనీకి చెందిన ఎస్‌పీఎల్ సంస్థ యంత్రాలు ఈ పద్ధతిని అనుసరిస్తాయి.

చరిత్ర

సకారపు సమస్య చలనచిత్రాలు, గ్రామఫోను రికార్డులు, ఎఫ్.ఎమ్. రేడియో అనే మూడు రంగాలను బాధించినది. చలనచిత్రపు ఫిల్ముపై ధ్వనిని కాంతి రూపంలో ముద్రించే విధానంలో, ముద్రణ సరిగా కుదరకపోతే మొదట చెడిపోయేది సకారమే. 

1954లో అమెరికాలో స్థిరపడిన ఆర్.ఐ.ఏ.ఏ. ప్రమాణం ప్రకారం రికార్డు కోసేటప్పుడు ఎగువ పౌనఃపున్యాలను పెంచుతారు. 1,000 హెర్ట్‌జ్‌తో పోలిస్తే 10,000 హెర్ట్‌జ్ వద్ద ఈ పెంపు సుమారు 13.7 డెసిబెల్‌లు. దీని వలన తీవ్రమైన సకారము వచ్చినప్పుడు కోత యంత్రపు తీగచుట్టలు వేడెక్కేవి. ఆ గాడిని ముల్లు సరిగా అనుసరించలేక శబ్దము చీలిపోయేది. అందుచేత రికార్డులు కోసే గదులలో ఎగువ పౌనఃపున్య లిమిటర్లను వాడేవారు. ఫెయిర్‌చైల్డ్ సంస్థవారి కోనాక్స్ ఇటువంటి యంత్రమే. ఎఫ్.ఎమ్. ప్రసారంలో కూడా ఎగువ పౌనఃపున్యాలను పెంచి పంపుతారు కనుక అక్కడ కూడా ఇదే ఇబ్బంది ఎదురైనది. 

తరువాత అమెరికాలో ఆర్బన్ సంస్థ డైనమిక్ సిబిలెన్స్ కంట్రోలర్ పేరుతో స్టూడియోల కొరకు ప్రత్యేక యంత్రాలను తయారుచేసినది.

అమర్చుకొను విధానము

# ఊష్మాలు ఎక్కువగా ఉన్న ఒక చరణాన్ని ఎంచుకొని పదేపదే వినాలి.
# యంత్రంలో సైడ్‌చెయిన్‌ను వినే సదుపాయం ఉంటే, పౌనఃపున్యపు మీటను తిప్పుతూ ఈల ఎక్కడ అత్యంత కటువుగా వినిపిస్తుందో అక్కడ ఆపాలి.
# మీటరు ఊష్మాల వద్ద మాత్రమే కదిలేటట్లు, అచ్చుల వద్ద కదలకుండా ఉండేటట్లు థ్రెషోల్డ్‌ను సరిచేయాలి.
# సాధారణంగా 3 నుండి 6 డెసిబెల్‌ల తగ్గింపు సరిపోతుంది.
# బైపాస్ మీటతో యంత్రాన్ని ఆపి, మరల పెట్టి పోల్చి చూడాలి. వాద్యసంగీతంతో కలిపి కూడా వినాలి.

ప్రతిధ్వని కలిపేటప్పుడు సకారము పొడవుగా సాగి వినిపిస్తుంది. ప్రతిధ్వని యంత్రానికి వెళ్ళే మార్గంలో మాత్రమే డీ-ఎస్సర్‌ను ఉంచితే అసలు కంఠం మారకుండా ఈ దోషం తగ్గుతుంది.

అతిగా వాడుట వలన నష్టాలు

సకారము దోషము కాదు, అది మాటలో భాగము. 'సకలము' అనగా సమస్తము, 'శకలము' అనగా ముక్క. ఈ రెండు మాటల భేదము మొదటి హల్లులోనే ఉన్నది. చెవి ఆ భేదాన్ని గుర్తించేది ముఖ్యంగా ఎగువ పౌనఃపున్యాల ఆధారంగానే. డీ-ఎస్సర్‌ను అతిగా వాడితే గాయకునికి నత్తి ఉన్నట్లు, నాలుక మందమైనట్లు వినిపిస్తుంది. సుమారు 300 నుండి 3,400 హెర్ట్‌జ్ వరకే పంపే పాత టెలిఫోనులో పేర్లలోని 'స', 'ఫ' లను పోల్చుకోవడం కష్టమవడానికి కారణం కూడా ఎగువ పౌనఃపున్యాలు లేకపోవడమే.

వయసు పైబడినవారిలో మొదట తగ్గేది ఎగువ పౌనఃపున్యాలను వినే శక్తి. మాట వినబడుతున్నా అర్థం కావడం లేదని వారు అనడానికి ఇది ఒక ముఖ్య కారణం. యువ శ్రోతకు హాయిగా ఉండాలని సకారాన్ని మితిమీరి అణచివేస్తే, వృద్ధ శ్రోతకు మాటయే అందకపోవచ్చు. దీనికి విపర్యయంగా, వినికిడి తగ్గిన శబ్దగ్రాహకుడు కటువైన సకారాన్ని గమనించక వదిలివేసే ప్రమాదమూ కలదు.

యంత్రరూపపు డీ-ఎస్సర్‌ను రికార్డింగు సమయంలోనే వాడితే, ఆ ధ్వని తగ్గిన రూపంలోనే నమోదవుతుంది. పోయిన సకారాన్ని తరువాత ఏ యంత్రమూ యథాతథంగా తిరిగి తేలేదు. అందువలన కంఠాన్ని సహజంగా రికార్డు చేసి, మిక్సింగ్ సమయంలో సంస్కరించడం సురక్షితమైన పద్ధతి. ప్రత్యక్ష ప్రసారాలలో, సభలలో మాత్రం ఈ అవకాశం ఉండదు కనుక తగ్గింపును స్వల్పంగా ఉంచడం మంచిది.

ప్రత్యామ్నాయాలు

మైక్రోఫోనును నోటికి సూటిగా గాక కొద్దిగా ప్రక్కకు త్రిప్పి, సుమారు జానెడు దూరంలో ఉంచడం అన్నిటికంటె సులభమైన ఉపాయము. నోటి ముందు అమర్చే పాప్ ఫిల్టర్ 'ప', 'బ' వంటి అక్షరాల గాలి తాకిడిని ఆపుతుందే గాని సకారాన్ని తగ్గించదు. కంప్యూటర్‌లో ప్రతి సకారాన్ని విడిగా గుర్తించి చేతితో తగ్గించవచ్చును. ఇది శ్రమతో కూడినదైనా ఏ అక్షరాన్ని ఎంత తగ్గించాలనే నిర్ణయము మనిషి చేతిలోనే ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* మైక్రోఫోను
* ఈక్వలైజర్
* పౌనఃపున్యము
* ఊష్మాలు